హొంగాంజి సేనాని ప్రదర్శన: జమా ఖర్చుల వివరణ

దాతలకు నమస్కారం. జపాన్‌లోని ఇషియామా హొంగాంజి బౌద్ధ మఠం 1570 నుంచి 1580 దాకా యుద్ధ ప్రభువు ఓడా నొబునాగాను ఎదిరించింది. ఆ మఠం సేనాని షిమోజుమా రైరెన్ మీద మూడు రోజులు పెట్టిన ప్రదర్శన లెక్కలివి.

జమ: 64 మంది విరాళాలు రూ. 38,400, పాత నిల్వ రూ. 2,150. మొత్తం రూ. 40,550.

ఖర్చు: హాలు అద్దె రూ. 9,000, ఫ్లెక్సీలు పన్నెండుకు రూ. 11,400, చిన్న పుస్తకాలు 300కు రూ. 4,200.

కవచం, కత్తులు అద్దెకు తేకుండా నాణేల దండకు రూ. 6,000 ఎందుకు పెట్టారని కొందరు దాతలు అడిగారు. రైరెన్ పనిలో కత్తి కన్నా చిట్టాయే ఎక్కువ. మఠాధిపతి కెన్‌న్యో పేరిట భక్తులకు చిన్న లేఖ వెళ్లేది. బియ్యం, తుపాకులు, డబ్బు ఏవి కావాలో వివరిస్తూ దాని వెంట రైరెన్ సంతకంతో ఇంకో లేఖ వెళ్లేది. యుద్ధానికి ముందే, 1568లో, నొబునాగా ఈ మఠం నుంచి 5,000 కాన్‌లు వసూలు చేశాడు. కాన్ అంటే వెయ్యి నాణేలు. అయితే అప్పటి వాడుకలో 97 గుచ్చితే వందగా చెల్లేది, అంటే కాన్ దండలో ఉండేవి 970. నాణేలకు బదులు ఒక్కోటి రూ. 6 చొప్పున 970 ఇత్తడి వాషర్లకు రూ. 5,820, తాడుకు రూ. 180 అయింది. మూడున్నర కిలోలు దాటిన ఆ దండను చేత్తో ఎత్తి చూస్తే, అలాంటివి 5,000 అంటే ఏమిటో చెప్పకుండానే తెలుస్తుంది.

కిజు నది ముఖద్వారం నమూనాకు రూ. 7,500. మఠానికి ధాన్యం వచ్చే దారి అదే. 1576లో మోరి వంశం పడవలు అక్కడ నొబునాగా నావికాదళాన్ని ఓడించి సరుకు చేర్చాయి. 1578లో నొబునాగా నావికా సేనాని కుకి యొషితాకా ఆరు పెద్ద ఓడలతో ఆ దారి మూసేశాడు. ప్రాకారం ఎంత గట్టిదైనా అన్నం అందకపోతే నిలవదు. 1580లో సంధి పత్రం మీద రైరెన్ కూడా సంతకం పెట్టాడు.

రెండు ఫ్లెక్సీలు మళ్లీ వేయించినందుకు రూ. 1,900. తప్పు కమిటీదే. కెన్‌న్యో మఠం విడిచింది చాంద్రమానం నాలుగో నెల 9న. దాన్ని ఏప్రిల్ 9 అని అచ్చు వేయించాం. 1580లో మూడో నెల తర్వాత అధిక మాసం వచ్చింది కాబట్టి అది మే నెలలో పడుతుంది.

మొత్తం ఖర్చు రూ. 40,000. చేతిలో నిల్వ రూ. 550. బిల్లులు కోశాధికారి దగ్గరున్నాయి, ఎవరైనా వచ్చి సరిచూసుకోవచ్చు.