ఓటీపీని తప్పించండి, ఎస్సెమ్మెస్‌ను ఉంచండి

సంపాదకులకు నమస్కారం.

ఎస్సెమ్మెస్‌కు కాలం చెల్లిందని, దాని స్థానంలో ఇంటర్నెట్ మీద నడిచే కొత్త సందేశ వ్యవస్థ ఆర్‌సీఎస్‌ను తేవాలని వినిపిస్తున్న వాదనలో సగమే నిజమని నా అభిప్రాయం. 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో తొలి సందేశం వెళ్లింది. నాటి కొలతే నేటికీ నడుస్తోంది. ఒక్కో సందేశానికి దక్కేది 140 బైట్లు. అందులో ఇంగ్లీషు అక్షరాలు 160 పడితే, తెలుగుకు 70 మాత్రమే. ఆ డెబ్భైలోనూ గుణింతపు గుర్తు, పొల్లు, సున్న దేనికది విడిగా లెక్కకు వస్తాయి కనుక, మన కంటికి నాలుగక్షరాలైన 'సముద్రంలో' అన్న మాట అక్కడ తొమ్మిదవుతుంది. వేటకు వెళ్లవద్దన్న ఒక్క హెచ్చరిక తెలుగులో రెండు మూడు ముక్కలై, ముక్కకింత అని ఖర్చు పెంచుతుంది. బ్యాంకులు ఇంగ్లీషులోనే పంపి చేతులు దులుపుకోవడానికి ఇదీ ఒక కారణం కాబోలు. ఒక్కో సందేశంలో మరిన్ని తెలుగు అక్షరాలు పట్టేలా చేసి ఈ ఇబ్బంది తీర్చే తెలుగు అక్షర పట్టికను అంతర్జాతీయ ప్రమాణంలో ఎప్పుడో చేర్చినా, అది వాడుకలోకి పెద్దగా రాలేదు.

భద్రత విషయంలో ఎస్సెమ్మెస్‌పై ఉన్న అభ్యంతరం ఇంకా గట్టిది. ఎస్సెమ్మెస్‌కు రహస్య సంకేతాల రక్షణ మొదటి నుంచి చివరి దాకా లేదు. నెట్‌వర్కుల మధ్య నడిచే పాత ఎస్ఎస్7 వ్యవస్థలోని లోపాల ద్వారా 2017లో జర్మనీలో ఓటీపీలను దారి మళ్లించి ఖాతాలు ఖాళీ చేశారు. రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరు ఆదేశాల్లో ఎస్సెమ్మెస్ ఓటీపీయే కాక ఇతర ధ్రువీకరణ పద్ధతులకూ చోటిచ్చింది. స్మార్ట్‌ఫోన్ ఉన్న ఖాతాదారులను బ్యాంకులు త్వరగా అటు మళ్లించాలి.

అయితే ఆర్‌సీఎస్‌కు స్మార్ట్‌ఫోన్, డేటా రెండూ కావాలి. కొత్తపట్నం, పాకల, జువ్వలదిన్నె, మైపాడు తీరాల్లో బటన్ ఫోన్లతోనే కాలక్షేపం చేసే పెద్దలు, పడవ మీద తడిసినా పోయినా ఫరవాలేదని చౌక ఫోను పట్టుకెళ్లే మత్స్యకారులు ఉన్నారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మన తీరం వెంబడి సాగి బాపట్ల దగ్గర ఒడ్డు దాటింది. అటువంటి వేళ డేటా కదలని బలహీనపు సిగ్నల్‌లో కూడా చిన్న సందేశం చేరే అవకాశం ఎక్కువ. కొత్తదాని మోజులో ఆ ఆధారాన్ని తెంచడం నాకు సమ్మతం కాదు.

ఓటీపీల బరువు తగ్గించి, హెచ్చరికలకు, పింఛను, రేషను సమాచారానికి ఎస్సెమ్మెస్‌ను కొనసాగించాలి. కొత్తగా అమ్మే ప్రతి బటన్ ఫోనూ, ప్రతి నెట్‌వర్కూ ఆ తెలుగు పట్టికను అమలు చేసేలా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, టెలికాం శాఖ గడువు విధించాలని, అది జరిగేలోగా విపత్తు హెచ్చరికల తెలుగు సందేశాలకు ముక్కల లెక్కన రుసుము వసూలు చేయరాదని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొత్తపట్నం, ప్రకాశం జిల్లా