అమ్మ సోల ఎంత పడుతుంది?

ఒరేయ్ బావా,

సంవత్సరీకం నాటికి మీ అమ్మ గురించి చిన్న పుస్తకం వేయించి చుట్టాలకి పంచుతానన్నావు. చెయ్యి, మంచి పని. కానీ ట్రంకు పెట్టె తెరిచి కూర్చున్నానని రాశావే, అక్కడ ఆగు. పెట్టె ఎక్కడికీ పోదు. మీ పెద్దమ్మకి ఎనభై దాటాయి. ముందు ఆవిడ దగ్గరికి వెళ్లు.

వెళ్లి "అమ్మ గురించి చెప్పు పెద్దమ్మా" అనకు. అలా అడిగితే ఎవరైనా "దేవతరా అది" అని కళ్లొత్తుకుంటారు, అంతే. ఇలాంటి పుస్తకాలు చాలామట్టుకు అక్కడే చప్పబడిపోతాయి. పేరు మారిస్తే ఎవరమ్మకైనా సరిపోతాయి. అందుకని ఇంటి గురించి అడుగు. పుట్టింట్లో వంటిల్లు ఏ మూలన ఉండేది, నీళ్లు ఎక్కణ్ణించి మోసేవారు, బడికి ఎవరెవరు కలిసి వెళ్లేవారు, అక్కాచెల్లెళ్లు దేనికి పోట్లాడుకునేవారు, అమ్మకి ఏం చేస్తే ఒళ్లు మండేది. వంటిల్లు కళ్లకి కడితే అందులో తిరిగిన మనుషులు వాళ్లే గుర్తొస్తారు.

ఫోన్లో రికార్డు చేస్తావు కదా, ఫ్యాను ఆపించు. గాలి ఫోనుకి తగిలిందంటే మాటకంటే హోరే ఎక్కువ పడుతుంది. వట్టి బల్లమీద పెట్టకుండా తువ్వాలు మడతపెట్టి దానిమీద, ఆవిడకి మూరెడు దూరంలో పెట్టు. ఏరోప్లేన్ మోడ్ మర్చిపోకు. కీలకమైన చోట ఏ లోను వాడో ఫోను చేస్తాడు.

తేదీల దగ్గర చిక్కొస్తుంది. ఆవిడ 'పుష్కరాలకి ముందేడు' అంటుంది గానీ సంవత్సరం చెప్పదు. గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, 2015లో వచ్చాయి. "అప్పుడు నన్ను ఎత్తుకెళ్లారా, నడిపించారా?" అని అడుగు, ఏ సంవత్సరమో తేలిపోతుంది. వరదంటే 1986 ఆగస్టుదా, పెద్ద తుఫానంటే 1996 నవంబరుదా అని కూడా ఆరా తియ్యి. అమ్మ పుట్టింది వికృతిలో, పుష్యమాసంలో అన్నావు. వికృతి 1950 ఉగాదికి మొదలై 1951 ఉగాది దాకా ఉంది. పుష్యమంటే 1951 జనవరి, ఫిబ్రవరి అవుతుంది. 1950 అని అచ్చేసేవు, జాగ్రత్త. సర్టిఫికెట్లో జులై 1 ఉంటే దాన్నీ పూర్తిగా నమ్మకు, బడిలో చేర్చడానికి వయసు సరిపోయేలా మాష్టారు వేసిందై ఉండొచ్చు. పెళ్లి శుభలేఖ దొరికిందా, అదృష్టమే. తిథి, వారం, ఇంగ్లీషు తేదీ మూడూ ఒకదానికొకటి సరిపోతే ఇక అనుమానం అక్కర్లేదు.

ఫొటోలు ఆల్బమ్ జిగురుకి అంటుకుపోయి ఉంటే గోరుతో లాగకు. సన్నటి నైలాను దారం వెనకనుంచి రంపంలా మెల్లగా ఆడిస్తూ విడదియ్యి. ఫ్రేములో అద్దానికి అతుక్కున్నదాన్ని మాత్రం అసలు కదపకు, మొహం అద్దంమీదే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయించు. చిన్న ఫొటోలకి స్కాన్ స్పష్టత 600 డీపీఐ పెట్టమను. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపితేనే స్పష్టత పోదు. పేర్లు వెనకాల మెత్తటి పెన్సిల్‌తో రాయి, బాల్‌పెన్ అచ్చు ముందుకి తేలుతుంది. పెళ్లి పట్టుచీరని మూణ్ణెల్లకోసారి మడత మార్చి పాత పంచె ముక్కలో చుట్టు. ఒకే మడతలో ఏళ్లు ఉంటే జరీ అక్కడే విరుగుతుంది.

ఇక ఆవకాయ. అమ్మ రాసిపెట్టిన కాగితం ఉందన్నావు, అన్నీ సోలతో, అదే పాతకాలపు కొలపాత్రతో: కారం సోల, ఆవపిండి సోల, ఉప్పు సోలకి కాస్త తక్కువ, ముక్కలు ఆరు సోలలు. చూడ్డానికి తేలిక. దాని ప్రకారం మీ చెల్లి పెడితే ఉప్పుకషాయం అయిందంటే తప్పు మీ చెల్లిది కాదు. సోల కొలిచేది పరిమాణాన్ని, బరువుని కాదు. అదే సోలలో గళ్లుప్పు సందులు వదిలి నిలుస్తుంది, ప్యాకెట్ మెత్తటి ఉప్పు సందు లేకుండా కూరుకుంటుంది, తూకం బాగా పెరుగుతుంది. అందుకని అడగాల్సింది ఇది: అమ్మ ఉప్పుని దంచకముందు కొలిచేదా, దంచాకా? ఆవపిండి అని రాసినా ఆవాలే కొలిచి తర్వాత దంచేదా? గోపురంగా పోసేదా, చేత్తో చదును చేసేదా? ఉప్పు తగ్గితే ముక్క మెత్తబడి బూజు పడుతుంది, ఆవపిండి ఎక్కువైతే చేదెక్కుతుంది. కాబట్టి ఈ మూడింటికీ జవాబు దొరక్కుండా ఆ కాగితాన్ని పుస్తకంలో వెయ్యొద్దు. పెద్దమ్మకీ తెలియకపోతే ఏటేటా పక్కన కూర్చుని ముక్కలు తుడిచిన మనిషి ఎవరో కనుక్కో.

సోల కూడా ఇంటికో రకం. ఖాళీ సోలని వంటింటి కాటాలో పెట్టి, సున్నా చేసి, అంచుదాకా నీళ్లు పొయ్యి. ఎన్ని గ్రాములొస్తే అన్ని మిల్లీలీటర్లు. తర్వాత తుడిచి ఆరబెట్టి, కారం, ఆవపిండి, ఉప్పు విడివిడిగా తూచి ఆ అంకెలు అమ్మ మాట పక్కన రాయి. అప్పుడు అమెరికాలో ఉన్న నీ కూతురు కూడా నానమ్మ ఆవకాయ పెట్టుకోగలదు. మూడోనాడు తిరగకలిపి ఉప్పు చూడాలని, పప్పునూనె ముక్కలపైన తేలకపోతే ఇంకాస్త పొయ్యాలని కూడా రాయి. అమ్మ అది రాసుకోలేదు, ఆవిడకి అవసరం లేదు కనక.

పుస్తకం మధ్యలో పిన్ను కొట్టించేదైతే పేజీలు నాలుగుతో భాగించేలా చూసుకో, లేకపోతే చివర తెల్ల కాగితాలు మిగుల్తాయి. అక్షరం 16 పాయింట్లకి తగ్గనివ్వకు, చదివేవాళ్లలో సగంమందికి శుక్లాలే.

పెద్దమ్మ మధ్యాహ్నం కునుకు తీసి లేచి కాఫీ తాగాక వెళ్లు. ఆ సోల కూడా సంచిలో వేసుకెళ్లు. గళ్లుప్పు ఒక గుప్పెడు వెంట తీసుకుని, ఎలా కొలిచేదో ఆవిడ చేత్తోనే చూపించమను.

ఉంటా మరి.