అక్టోబరు నుంచి మా దగ్గర విడి బ్రిక్స్ కొన్నవాళ్ళకి

అందరికీ నమస్కారం.

గత అక్టోబరు నుంచి ఈ జనవరి 10 వరకు మా గవర్నర్‌పేట షాపులో మీరు తూకానికి కొన్న విడి బ్రిక్స్‌లో, అంటే ఒకదాని మీద ఒకటి బిగించి బొమ్మలు కట్టే లెగో తరహా ప్లాస్టిక్ ముక్కల్లో, బూడిదరంగు, తెలుపు, ఇటుకరంగువి చాలావరకు నాసిరకం. అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. బిల్లు అక్కర్లేదు. కట్టేసిన బొమ్మలో ఉన్నా సరే, అలాగే పట్టుకురండి, మేమే విప్పుతాం. సీలు ఉన్న బాక్సుల్లో ఏ ఇబ్బందీ లేదు, వాటి గురించి టెన్షన్ పడకండి.

ఈ విషయం నాకు నేనుగా కనిపెట్టింది కాదు. మొగల్రాజపురం నుంచి వచ్చే ఒక రిటైర్డ్ ఇరిగేషన్ ఇంజనీరు గారు చెబితే తెలిసింది. వాళ్ళింట్లో ఏటా సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. ఈసారి కొండపల్లి దశావతారాల మెట్ల ముందు ప్రకాశం బ్యారేజీ ఉండాలని ఆ దంపతులు అనుకున్నారు. 1952లో పాత ఆనకట్ట ఎలా తెగిపోయిందో, 1957 నాటికి ఈ బ్యారేజీ ఎలా లేచిందో మనవలకి దాని పక్కన కూర్చుని చెప్పాలని ఆయన కోరిక. మొత్తం 70 గేట్లు. ఒక్కో గేటుకి మూడు బొడిపెల (ముక్క పైన ఉండే గుండ్రటి పొంగుల) వెడల్పు, పక్కన స్తంభానికి ఒక బొడిపె. బొడిపెకీ బొడిపెకీ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు కాబట్టి గేటుకి 32, డెబ్బై గేట్లకి రెండుంపావు మీటర్లకి కాస్త తక్కువ. ఈ లెక్కంతా ఆయన మా షాపు టేబుల్ దగ్గర కూర్చుని క్యాలెండర్ కాగితం వెనక వేశారు.

అడుగున పలకలు, స్తంభాలు వాళ్ళబ్బాయి చిన్నప్పుడు ఆడుకున్న లెగో ముక్కలతో కట్టారు. పాతికేళ్ళ నాటివి. పైన రోడ్డుకి కావలసినవి నా దగ్గర కొన్నారు. రోడ్డును రెండు వరసలుగా అతికించి విడిగా సిద్ధం చేసుకుని, భోగికి నాలుగు రోజుల ముందు స్తంభాల మీద పెట్టారు. ఒక చివర నుంచి నొక్కుకుంటూ వస్తే పదో గేటు దాకా బాగానే కూర్చుంది. ముప్పయ్యో గేటు దగ్గరికి వచ్చేసరికి బొడిపెలు, కింద గుంటలు ఎదురెదురుగా లేవు. బలవంతంగా నొక్కితే వెనక నుంచి లేచిపోయింది. తెల్లారేసరికి రోడ్డు మధ్యలో విరిగి కింద పడి ఉందట.

ఆయన కోప్పడలేదు. షాపుకొచ్చి నా కౌంటర్ మీద రెండు దొంతరలు పేర్చారు. ఇటు పది పాత బ్రిక్స్, అటు నేను అమ్మినవి పది. పక్కన స్కేలు పెట్టి, "నువ్వే చూడు బాబూ" అన్నారు. ఒక బ్రిక్ ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. పది పేరిస్తే, పైన బొడిపెని వదిలేసి, సరిగ్గా 96 రావాలి. పాతవి 96 వచ్చాయి. నావి 97 దాటాయి.

ఒక్క ముక్కలో ఆ తేడా చేతికి తెలియదు. మంచి బ్రిక్స్ అచ్చుల్లో మిల్లీమీటరులో వందో వంతు తేడా కూడా రానివ్వరు. బొడిపె పక్క ముక్క లోపలి గొట్టాలకీ గోడలకీ మధ్య బిగుసుకుని నిలబడాలి, అదే సమయంలో పిల్లవాడి వేళ్ళకి ఊడిరావాలి. ఈ రెండూ కుదరడం అంతా ఆ కొలతలోనే ఉంది. లెగో వాళ్ళు ఇప్పటి గొట్టాల పద్ధతికి పేటెంట్ పెట్టింది 1958లో. అప్పటి ముక్క ఈరోజు ముక్కకి అతుక్కుంటుంది. ఆదివారాలు మన టేబుల్ దగ్గర లారీ కట్టే ఆటోనగర్ మేస్త్రీ గారిని మీలో చాలామంది చూసే ఉంటారు. బ్రిక్‌ని అడ్డంగా తిప్పి బాడీ పక్క చెక్కలు పెట్టడం ఆయన ఎవరూ నేర్పకుండానే పట్టుకున్నారు. అయిదు ప్లేట్ల (బ్రిక్‌లో మూడో వంతు మందం ఉండే పలచటి ముక్కల) మందం, రెండు బొడిపెల వెడల్పు ఒకటే, రెండూ 16 మిల్లీమీటర్లు. నిజం లారీ బాడీకి టేపు పట్టే మనిషి కాబట్టి ఆయనకది వెంటనే తట్టింది. కొలత తప్పిన ముక్కలతో ఆ పని జరగదు. డిసెంబరులో ఆయన "ఈ మధ్య ముక్కలు బిగువు లేవండీ" అన్నారు. నేను పట్టించుకోలేదు. అప్పుడే స్కేలు తీసి ఉంటే బ్యారేజీ పడేది కాదు.

సరుకు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. ఇంతకుముందు లెగో సెట్లు విప్పి, రంగులవారీగా వేరు చేసి విడిగా అమ్మేవాణ్ణి. దిగుమతి బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 100 గ్రాములు 240 రూపాయలకి అమ్మినా నాకు మిగిలేది తక్కువ. అక్టోబరులో ఒక సరఫరాదారు చవకగా బస్తాలు ఇస్తానన్నాడు. శాంపిల్ ప్యాకెట్ బాగుంది, దాని మీద ఐఎస్ఐ గుర్తు ఉంది. బస్తాలు వచ్చాక తెరిచి వాటి మీద ఏముందో చూడలేదు, కొలవలేదు, 150కి అమ్మేశాను. 2021 జనవరి నుంచి బొమ్మలకి ఆ గుర్తు తప్పనిసరి. మా దగ్గర కొనేది పెద్దవాళ్ళే అయినా ఆ ముక్కలు చేరేది పిల్లలున్న ఇళ్ళకే. చూడకపోవడం పూర్తిగా నా తప్పు. నన్ను క్షమించండి. మిగిలిన 31 కిలోలు పక్కన పెట్టేశాను, ఎవరికీ అమ్మను.

తిరిగి తెచ్చినవాటికి అంతే తూకం మంచి ముక్కలు ఇస్తాను, లేదా డబ్బు ఇస్తాను. మీ ఇష్టం. ఒకేసారి అందరికీ ఇవ్వడానికి సరుకు లేదు కాబట్టి ముక్కలు కావాలంటే రెండు మూడు వారాలు పట్టవచ్చు. డబ్బయితే అప్పటికప్పుడే.

ఇకపై విడి బ్రిక్స్ 100 గ్రాములు 260. పెరిగిందని నాకు తెలుసు. దీన్ని తగ్గించడానికి ఒక దారి ఇంజనీరు గారి ఇంట్లోనే కనిపించింది. పిల్లలు అమెరికా వెళ్ళిపోయిన ఇళ్ళు మన ఊళ్ళో ఎన్నో. అటక మీద అట్టపెట్టెలో పాత లెగో ఉంటే తీసుకురండి, మీ ముందే తూచి కొంటాను. దుమ్ము పట్టినా ఫర్వాలేదు. మీరే కడగాలనుకుంటే నీళ్ళు 40 డిగ్రీలు మించకూడదు. ఎండల్లో ట్యాంకు నీళ్ళే అంతకంటే కాగుతాయి, పొద్దున్నే కడగండి. డాబా మీద ఎండబెట్టకండి, తెల్లవి పసుపు తిరుగుతాయి. ఫ్యాను కింద పాత లుంగీ పరిచి ఆరబోస్తే చాలు.

ఆ దంపతుల కొలువు బ్యారేజీ లేకుండానే జరిగిపోయింది. అది నన్ను బాగా బాధపెట్టింది. రోడ్డు మళ్ళీ కడదామని అడిగితే ఆమె ఒప్పుకున్నారు, దసరా కొలువుకి పెట్టుకుంటామన్నారు. మొన్న ఆదివారం అయిదుగురం కూర్చున్నాం. ప్రభుత్వాసుపత్రిలో నైట్ డ్యూటీ దిగి వచ్చిన ఒక నర్సమ్మ రెండు గంటలు తల ఎత్తకుండా రెయిలింగ్ కట్టింది. 22 గేట్ల మేర రోడ్డు కూర్చుంది, ఎక్కడా లేవలేదు.

ఆదివారం సాయంత్రం 4 నుంచి 8 దాకా టేబుల్ ఉంటుంది. దాని మీద రెండు స్కేళ్ళు పెట్టాను. మీ ముక్కలు తెచ్చి పది పేర్చి చూసుకోండి.