చెవి వెనక మచ్చ సంగతి ముందే చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

‘మచ్చే ఉండని ఫేస్‌లిఫ్ట్’ అంటూ మీ జిల్లా పేజీల్లో ఈమధ్య ప్రకటనలు వస్తున్నాయి. జారిన ముఖాన్ని బిగించడానికి చర్మం కోసి, లేపి, మిగిలింది కత్తిరించి కుట్టే ఈ ఆపరేషన్‌లో మచ్చ ఉండకపోవడమన్నది లేదు. ఆ మచ్చ చెవి మడతల్లో కలిసిపోతుందా, లేక చెవి ఆకారాన్నే చెడగొడుతుందా అన్నదే ప్రశ్న. డబ్బు కట్టకముందే ఆ సంగతి జనానికి తెలియాలి.

సాధారణంగా కోత కణత దగ్గర జుట్టులో మొదలవుతుంది. చెవి ముందు మడత వెంట దిగి, తమ్మె కింద చుట్టు తిరిగి, చెవి వెనక గాడిలో పైకెక్కి, మెడ పైన జుట్టులోకి వెళ్లి ఆగుతుంది. చర్మం కింద స్మాస్ అనే పొర ఉంటుంది. మిట్జ్, పెరోనీ అనే ఫ్రెంచి వైద్యులు 1976లో దాన్ని వివరించారు. బిగించాల్సింది ఆ పొరను. చర్మాన్ని దాని మీద వదులుగా పరిచి, ఎక్కువైనంత మేరకే కత్తిరించాలి. ఆ శ్రమ తప్పించుకుని చర్మాన్నే లాగి కుడితే బిగువంతా కుట్ల మీద పడుతుంది. మచ్చ వెడల్పవుతుంది, కొన్ని నెలల్లో చెవితమ్మె కిందికి సాగి దవడకు అతుక్కున్నట్టు కనిపిస్తుంది. పిక్సీ ఇయర్ అని వైద్యులు పిలిచేది దీన్నే. మగవాళ్లకు ఇంకో చిక్కుంది. కోత చెవి రంధ్రం ముందున్న బొడిపె లోపలి అంచున పెడితే గడ్డం మొలిచే చర్మం ఆ బొడిపె మీదికి జరుగుతుంది, తర్వాత చెవికీ షేవింగ్ చేసుకోవాల్సి వస్తుంది. కోత ఎక్కడ పెడతారో పెన్నుతో గీసి చూపించమని అడగడం రోగి హక్కు.

మొదటి 24 గంటలు చాలా కీలకం. ఒకవైపు మాత్రమే నొప్పి, బిగుతు, వాపు పెరిగిపోతుంటే చర్మం కింద రక్తం చేరుతోందని అనుమానించాలి. నొప్పి మాత్ర వేసుకుని తెల్లారేదాకా ఆగకూడదు. ఆ రక్తం తీసేయకపోతే పైచర్మానికి రక్తప్రసరణ అందక నల్లబడి చచ్చిపోతుంది. బీపీ అదుపులో లేనివారికీ, మగవారికీ ఈ ప్రమాదం ఎక్కువ. ఇలా నల్లబడేది ఎక్కువగా చెవి వెనకే. అక్కడ చర్మం పల్చన, రక్తం వచ్చే దారి దూరం, బిగువూ ఎక్కువే. పొగతాగేవారికి ఈ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు సిగరెట్, బీడీ, చుట్ట మానాలి. ఖైనీ, గుట్కా, నికోటిన్ గమ్ కూడా అంతే. రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేసేది నికోటిన్. అది పొగలో వచ్చినా, నమిలినా ఒకటే. నల్లబడ్డ చోటును గోటితో పీకకూడదు. చిన్నదైతే డ్రెస్సింగ్‌తోనే కొన్ని వారాల్లో మానుతుంది.

చెవి ముందు కుట్లు ఐదు నుంచి ఏడు రోజుల్లో, వెనకవీ జుట్టులోవీ పది నుంచి పద్నాలుగు రోజుల్లో తీస్తారు. అప్పటిదాకా రోజుకు రెండుసార్లు సెలైన్‌తో గానీ, కాచి చల్లార్చిన నీళ్లతో గానీ కుట్ల మీద కట్టిన చెక్కును మెల్లగా తుడిచి, డాక్టర్ రాసిన ఆయింట్‌మెంట్ పల్చగా రాస్తే చాలు. స్పిరిట్, పెరాక్సైడ్ రోజూ వాడితే కొత్తగా పుట్టే కణాలే పాడవుతాయి. వంటింటి పసుపు, కొబ్బరినూనె పచ్చి గాయానికి పనికిరావు. పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు, కానీ డబ్బాలో పసుపు క్రిములు లేనిది కాదు. చెవి పైభాగం ఎర్రగా, వేడిగా ఉబ్బి ముట్టుకుంటే విపరీతంగా నొప్పెడుతూ, తమ్మె మాత్రం మామూలుగా ఉంటే అది మెత్తటి ఎముకకు పట్టిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే చెవి ముడుచుకుపోతుంది.

మన ఊళ్లలో డిశ్చార్జి కాగితం మీద రాయనివి ఇంకొన్ని ఉన్నాయి. కళ్లద్దాల కాడ సరిగ్గా కుట్ల మీదే ఆనుతుంది, మాస్కు తాడూ అంతే. తల వెనక కట్టుకునే మాస్కు వాడాలి. హెల్మెట్ తొడిగేటప్పుడు చెవి మడతపడుతుంది, హెల్మెట్ లేకుండా బండెక్కడం కుదరదు కనుక సర్జన్ సరేననేదాకా బండే నడపకూడదు. బరువైన బుట్టకమ్మలు, మాటీలు కనీసం ఆరు వారాలు పక్కన పెట్టాలి. చెవి చుట్టూ కొన్ని నెలలు మొద్దుబారి ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్, వేడి కాపడం అక్కడ పెడితే కాలిన సంగతి కూడా తెలియదు. తమ్మె మొద్దుదనం ఏడాది దాటినా తగ్గకపోతే చెవికి స్పర్శ ఇచ్చే నరం దెబ్బతిని ఉండవచ్చు. ఈ ఆపరేషన్‌లో ఎక్కువగా దెబ్బతినే నరం అదే.

మచ్చ ఆరో వారానికి మొదటికన్నా ఎర్రగా, గట్టిగా కనిపించడం సహజం. అది చూసి భయపడి క్లినిక్కులు మార్చేవారు, మళ్లీ కోయించుకునేవారు చాలామంది. మచ్చ పక్వానికి రావడానికి ఏడాది పడుతుంది, సరిదిద్దే ఆపరేషన్ అంతకుముందు సాధారణంగా వద్దు. గాయం పూర్తిగా మూసుకున్నాక, అంటే దాదాపు మూడో వారం నుంచి, సిలికాన్ జెల్ గానీ షీట్ గానీ రెండు మూడు నెలలు వాడాలి. షీట్ అయితే రోజుకు కనీసం 12 గంటలు ఉంచాలి. చామనఛాయ చర్మానికి ఎండ తగిలితే మచ్చ నల్లబడి ఎక్కువకాలం ఉండిపోతుంది, కాబట్టి ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ చెవి చుట్టూ కూడా రాయాలి.

కోత గీతలోనే ఉబ్బిన మచ్చ కాలంతో కొంత తగ్గుతుంది. గీత దాటి పక్క చర్మంలోకి పెరిగేది కిలాయిడ్. దానికి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. మోతాదు మించితే అక్కడి చర్మం పల్చబడి తెల్లబారుతుంది. కిలాయిడ్‌ను ఊరికే కోసేస్తే తరచుగా అంతకన్నా పెద్దదై తిరిగి వస్తుంది. చెవి కుట్టించుకున్నచోట గానీ, ఛాతీ, భుజాల మీద గానీ తమకో, తోబుట్టువులకో ఇలాంటి గడ్డ వచ్చి ఉంటే ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. డాక్టర్ అడగకపోయినా చెప్పాలి.

డాక్టర్లు తమను తాము ప్రకటించుకోవడాన్ని 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ఒప్పుకోదు. అయినా క్లినిక్కుల పేరుతో ప్రకటనలు వస్తూనే ఉంటాయి కనుక పత్రికగా మీరు ఒక్కటి చేయవచ్చు. జుట్టు పైకి కట్టి, చెవి ముందూ వెనకా కనిపించేలా, ఆపరేషన్ అయిన ఏడాదికి తీసిన ఫొటో చూపమని అడగండి. చూపించలేకపోతే ‘మచ్చే ఉండదు’ అన్న మాట తీసేశాకే ప్రకటన వేయండి.

— ఒక ప్లాస్టిక్ సర్జన్, విజయవాడ