మాస్టర్ ప్లాన్‌లో కూరమళ్లకూ చోటివ్వండి: కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి నమస్కారం.

మా కాలనీ వాటర్ ట్యాంకు వెనక ఖాళీ స్థలంలో ఆడవాళ్లు వేసుకున్న కూరమళ్ల గురించి మీ ఆఫీసులో అర్జీలు ఇచ్చాం, జవాబు రాలేదు కాబట్టి ఇలా అందరి ముందూ రాస్తున్నాను. పోయిన నెల జేసీబీ వచ్చి కోతకొచ్చిన గోంగూర, తోటకూర, పందిరి మీది బీరపాదులతో సహా చదును చేసి వెళ్లింది. ముందు ఒక్క మాట చెప్పినా కోసుకునేవాళ్లు. పొద్దున్నే కూరకట్టలు అమ్మి పిల్లల ఫీజులు కట్టుకునేవాళ్లు ఇప్పుడు పని కోసం ఇల్లిల్లూ తిరుగుతున్నారండీ.

ఆక్రమణ అంటున్నారు. కావచ్చు, కానీ మాస్టర్ ప్లాన్‌లో ఇళ్లకు, దుకాణాలకు, పార్కులకు రంగులేసి చూపించి సాగుకు ఒక్క గజం కూడా చూపించకపోతే వాళ్లెక్కడ పండించాలి? 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయి పెట్రోలు, ఎరువులు అందనప్పుడు క్యూబా రాజధాని హవానా ఖాళీ జాగాల్లోనే మడులు కట్టి కూరగాయలు పండించుకుంది, ప్రభుత్వమే స్థలాలిచ్చింది. ఎరువు చేసుకోగలిగిన మన తడిచెత్త మాత్రం రోజూ లారీల్లో డంపింగ్ యార్డుకు పోతోంది.

కొత్త ప్లాన్‌లో ప్రతి వార్డులో సాగుకు స్థలం గుర్తించి, మట్టి, నీరు పరీక్ష చేయించి, మహిళా సంఘాలకు ఐదేళ్ల లీజుకివ్వండి. తడిచెత్తతో చేసిన ఎరువు వాళ్లకే ఇవ్వండి. అప్పటిదాకా ట్యాంకు వెనక మళ్లీ విత్తుకోనివ్వండి. దీనికి రాతపూర్వకంగా జవాబు కావాలి.

ఇట్లు,
ఒక కాలనీవాసి