ఐరన్ బిళ్ళలు పడక అల్లాడుతున్నప్పుడు ఆదుకున్నవాళ్ళకి థాంక్స్

అందరికీ నమస్కారమండి. మొన్న చేయించిన బ్లడ్ టెస్ట్‌లో నాకు హిమోగ్లోబిన్ 11.4 వచ్చింది. మొదట్లో 7.2 ఉండేది. సాయం చేసినవాళ్ళకి ఎవరికి వాళ్ళకి చెప్పాను గానీ నలుగురిలో చెప్పకపోతే నాకు తృప్తిగా లేదు, ఎందుకంటే వాళ్ళు మందు మార్చడం కంటే ముందు నేను చెప్పింది నమ్మారు, అదే నాకు పెద్ద సాయం.

ఐరన్ బిళ్ళ పడకపోవడం అంటే ఏంటో ఆ బాధ పడ్డవాళ్ళకే తెలుసు. వేసుకున్న కాసేపటికే కడుపులో తిప్పడం మొదలయ్యేది, నోట్లో తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టు ఉండేది, అన్నం వాసనకే డోకు, మోషన్ అయితే నల్లగా గట్టిపడిపోయి కళ్ళంట నీళ్ళొచ్చేవి. నేను గుంటూరులోనే ఒక ఎయిడెడ్ హైస్కూల్లో టీచర్ని, రోజంతా నిలబడే ఉద్యోగం, పైగా నా క్లాసు మేడ మీద, మెట్లెక్కేసరికి ఆయాసం, గుండె దడ, బోర్డు వైపు తిరిగి రాస్తుంటే కళ్ళు బైర్లు కమ్మేవి. మొదట చూపించుకున్న చోట ఇలా అవుతోందండీ అని చెప్తే "అందరూ వేసుకుంటున్నారు కదమ్మా, నీ ఒక్కదానికేంటి" అన్నారు, అని అదే బిళ్ళ పొద్దునా రాత్రీ రాసి, నడుం నొప్పికి కాల్షియం, కడుపుమంటకి గ్యాస్ బిళ్ళ కలిపి పంపించారు. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది.

మొదటి థాంక్స్ మా బ్రాడీపేట మెడికల్ షాపు బాబాయ్ గారికి. బిళ్ళలు కొనడానికి వెళ్తే స్ట్రిప్పులన్నీ కౌంటర్ మీద పెట్టి, నా మొహం చూసి, "ఇవన్నీ ఒకేసారి వేసుకుంటున్నావా అమ్మా" అని అడిగారు. అవునండీ, టిఫిన్ కాగానే అన్నాను. ఐరన్ స్ట్రిప్పుని ఒక పక్కకి, కాల్షియంని ఇంకో పక్కకి జరిపి, ఈ రెండూ కలిపి వేసుకుంటే కాల్షియం ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదమ్మా, గ్యాస్ బిళ్ళతో కడుపులో ఆసిడ్ తగ్గిపోతుంది, ఐరన్ పట్టాలంటే ఆ ఆసిడ్ ఉండాలి అన్నారు. వెనకాల జనం నిలబడి ఉన్నా విసుక్కోలేదు. "నేను మార్చకూడదు, డాక్టర్ గారిని అడుగు" అని బిల్లు వెనకాల ఏమేం అడగాలో ఆయనే రాసిచ్చారు. ఆ కాగితం ఇంకా దాచుకున్నాను.

ఆ కాగితం పట్టుకునే పెద్దాసుపత్రికి వెళ్ళాను. ఓపీలో లేడీ డాక్టర్ గారు అడిగిన ప్రశ్నలు అంతకు ముందు నన్ను ఎవరూ అడగలేదండి. బిళ్ళ వేసుకున్న ఎంతసేపటికి వికారం వస్తోంది, టీ ఎప్పుడు తాగుతావు, నెలసరిలో ఎన్ని ప్యాడ్లు మారుస్తావు, గడ్డలు పడుతున్నాయా, అన్నీ. పక్కనే ఉన్న మా అత్తయ్యగారు ఆగలేక "పచ్చి బియ్యం తింటుందండీ, అందుకే ఒంట్లో రక్తం విరిగిపోయింది" అని చెప్పేశారు. డాక్టరమ్మ నవ్వి, "బియ్యం తినబట్టి రక్తం తగ్గలేదు పెద్దమ్మా, రక్తం తగ్గబట్టే బియ్యం మీదకి మనసు పోతోంది, ఐరన్ తక్కువైతే కొంతమందికి బియ్యం, బలపాలు, ఐసు ముక్కలు తినాలనిపిస్తుంది" అన్నారు. చాటుగా డబ్బాలోంచి బియ్యం తీసుకుని నమిలే నాకు ఆ ఒక్క మాటతో ఎంత బరువు దిగిందో చెప్పలేను. ఇంట్లో ఆడపిల్ల ఎవరైనా బియ్యం, బలపం తింటుంటే తిట్టే ముందు ఒకసారి రక్తపరీక్ష చేయించండి.

ఫెరిటిన్ అని ఒంట్లో నిల్వ ఉన్న ఐరన్ ఎంతో చూసే టెస్ట్ రాశారు, 6 వచ్చింది, అంటే నిల్వ ఖాళీ అన్నమాట. స్కాన్‌లో ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో పెరిగే గడ్డ) కనపడింది, నెలనెలా పోతున్న రక్తానికి కారణం అదే. ఇంకో సంగతి కూడా నాకు అర్థమయ్యేలా చెప్పారు: బిళ్ళ వేసుకోగానే లివర్‌లో హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి దాదాపు ఒక రోజు పాటు పేగుల్లో ఐరన్ పట్టడాన్ని తగ్గించేస్తుందట, అందుకని రెండుపూటలా వేసుకున్నా రెండోది పెద్దగా పట్టదు, పేగుల్లో మిగిలిపోయి బాధపెడుతుంది. రోజు మార్చి రోజు ఒక్కటే, అది కూడా తిన్నాక వేసుకోమన్నారు, పరగడుపున అయితే ఎక్కువ పడుతుంది గానీ నువ్వు తట్టుకోలేవు అన్నారు. టీ, కాఫీకీ బిళ్ళకీ మధ్య గంటా రెండు గంటలు ఎడం, కాల్షియం వేరే పూట. వికారం సగానికి సగం తగ్గింది. అయినా పోయే రక్తం ఎక్కువ, ఎక్కేది తక్కువ కావడంతో బ్లీడింగ్‌కి మందు రాసి, నరానికి ఐరన్ ఎక్కిద్దాం అన్నారు.

ఐరన్ సుక్రోజ్ అని, 200 మిల్లీగ్రాములు సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు, విడతలుగా. ముదురు గోధుమ రంగు మందు, చూడగానే భయమేసింది. స్టాఫ్ సిస్టర్ గారు మెల్లగా చుక్కలు వదిలి పక్కనే నిలబడ్డారు, దురద ఉందా, ఛాతీ పట్టేసినట్టు ఉందా, ఏమున్నా చెప్పు అంటూ. ఒకసారి సూది దగ్గర కొంచెం మంటగా ఉందని అన్నానో లేదో వెంటనే ఆపేసి, చర్మం నొక్కి చూసి, క్యాన్యులా తీసి రెండో చేతికి పెట్టారు. మందు నరం బయటికి లీక్ అయితే ఆ రంగు మచ్చ నెలల తరబడి పోదటండి, కొందరికి అలాగే ఉండిపోతుందట. వార్డు నిండా పేషెంట్లు ఉన్నా, ఎక్కించడం అయిపోయాక కూడా అరగంట కూర్చోబెట్టి బీపీ చూసి గానీ పంపలేదు. సిస్టర్ గారూ, నా చేతి మీద మచ్చ లేదంటే అది మీ చలవే.

మా అత్తయ్యగారైతే ఆ రోజు నుంచి ఒక్క మాట అనలేదు. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుందని అందరూ జ్యూస్ తాగమంటారు గానీ దాంట్లో ఐరన్ కొంచెమే, ఆవిడ తోటకూర పప్పులో నిమ్మకాయ పిండి పెట్టారు, ఆదివారాలు లివర్ వేపుడు చేసి పెట్టారు. 7 దగ్గర ఉన్నప్పుడు తిండి ఒక్కటే చాలదు అని డాక్టరమ్మ గట్టిగానే చెప్పారు, అయినా ఆ పప్పు నాకు మందుతో సమానం.

మా బయాలజీ టీచర్ గారు నా క్లాసులు కూడా తీసుకుంటూ హెచ్‌ఎం గారితో మాట్లాడి నా క్లాసుని కిందికి మార్పించారు. స్కూల్లో ఆడపిల్లలకి వారం వారం ఇచ్చే నీలం ఐరన్ బిళ్ళలు ఇప్పుడు మేమిద్దరం భోజనం అయ్యాకే వేయిస్తున్నాం, ఎవరికైనా వికారంగా ఉందంటే పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతున్నాం.

బియ్యం డబ్బా వైపు ఇప్పుడు మనసు పోవట్లేదు. నిల్వ నిండేదాకా ఇంకో మూడు నెలలు బిళ్ళలు ఆపొద్దన్నారు, ఆపను. ఫైబ్రాయిడ్‌కి మళ్ళీ స్కాన్ ఉంది. బాబాయ్ గారూ, డాక్టరమ్మా, సిస్టర్ గారూ, టీచర్ గారూ, పేర్లు రాయొద్దు అన్నారని రాయలేదు, ఇది చదివితే మీకు తెలుస్తుంది. మా అత్తయ్యగారికి నేనే చదివి వినిపిస్తాను.