నేను డబ్బు కట్టింది ఫొటో సమీక్ష కోసం: మీ బిగినర్స్ ఫొటోగ్రఫీ కోర్సుపై ఫిర్యాదు

తెనాలి

కస్టమర్ సేవల విభాగం మేనేజర్ గారికి,

విషయం: 12 వారాల బిగినర్స్ కోర్సులో ఇస్తామన్న ఫొటో సమీక్షలు సరిగా ఇవ్వకపోవడం, విద్యార్థులతో బలవంతంగా వ్యాఖ్యలు రాయించడం గురించి.

అయ్యా / అమ్మా,

మీ ఆన్‌లైన్ కోర్సుకు నేను 14,500 రూపాయలు కట్టాను. పాఠాల కోసమే అయితే అంత కట్టేవాణ్ణి కాదు. అపర్చర్ అంటే ఏమిటో, షట్టర్ స్పీడ్ అంటే ఏమిటో చెప్పే వీడియోలు తెలుగులోనే బోలెడు ఉచితంగా దొరుకుతున్నాయి. అనుభవమున్న మెంటర్ వారానికి మా ఫొటోలు 5 చూసి, ఏది కుదిరింది, ఏది కుదరలేదు, ఎలా దిద్దుకోవాలి అన్నది రాసి ఇస్తారని మీ ప్రకటనలో ఉంది. దాన్ని చూసే చేరాను. కొత్తగా నేర్చుకునేవాడికి తన తప్పు తనకు కనిపించదు. పక్కన ఇంకో కన్ను కావాలి. ఆ కన్ను కోసమే మీకు డబ్బు కట్టాను.

12 వారాల్లో 60 ఫొటోలు పంపాను. 19 ఫొటోలకు అసలు జవాబే రాలేదు. మిగిలిన 41లో చాలా వాటికి వచ్చింది "బాగుంది, ప్రాక్టీస్ చేయండి", "ఇంకా బెటర్‌గా తీయొచ్చు", "షార్ప్‌గా లేదు" లాంటి ముక్కలే. ఆరో వారం నాకొచ్చిన వ్యాఖ్య, నా బ్యాచ్‌లో మరో ఇద్దరికి వచ్చిన వ్యాఖ్య అక్షరం పొల్లుపోకుండా ఒకటే. మేం పంపినవి మూడు వేర్వేరు ఫొటోలు. మూడింటి స్క్రీన్‌షాట్లూ వాళ్ల అనుమతితోనే జత చేశాను.

ఆ "షార్ప్‌గా లేదు" అన్న మాట దగ్గర కొంచెం ఆగుతాను. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో చెట్ల మీద గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. తెల్లవారకముందే బండి మీద వెళ్లి రెండు గంటలు కూర్చుని, చెట్టు మీంచి లేస్తున్న గూడబాతును తీశాను. 250 ఎంఎం లెన్స్, షట్టర్ స్పీడ్ 1/200 (అంటే షట్టర్ తెరిచి ఉండేది సెకనులో 200వ వంతు), ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 200. ఫొటో మసగ్గా వచ్చిందని నాకూ తెలుసు. తెలియనిది ఎందుకు మసకైందన్నదే.

ఫొటో మసకబారడానికి కారణాలు చాలానే ఉంటాయి. నా చెయ్యి వణికితే ఫ్రేమ్ మొత్తం ఒకే దిక్కుకు అలికినట్టు వస్తుంది. ఫోకస్ తప్పితే పక్షి మసగ్గా ఉండి, వెనక కొమ్మ స్పష్టంగా ఉంటుంది. పక్షి వేగానికి షట్టర్ చాలకపోతే ఒళ్లు స్పష్టంగా ఉండి రెక్కల చివర్లు చెదురుతాయి. ఒక్కోదానికి మందు ఒక్కోటి. ఫైల్‌లో షట్టర్ స్పీడ్, అపర్చర్, ఐఎస్‌ఓ అన్నీ ఉంటాయి కదా, అందుకే ఎడిట్ చేయని అసలు ఫైలే పంపమన్నారు మీరు. అది తెరిచి చూసిన మనిషి ఒక్క నిమిషంలో చెప్పగలడు: చిన్న సెన్సర్ కెమెరాలో 250 ఎంఎం లెన్స్‌ను చేత్తో పట్టుకుంటే కనీసం 1/400 ఉండాలి, ఎగిరే పక్షికైతే 1/1000 పైనే పెట్టాలి, అంత వెలుగు లేదు కాబట్టి ఐఎస్‌ఓను 1600 దాకా పెంచాలి. నేను ఐఎస్‌ఓ పెంచకపోవడానికి కారణం కూడా మీ పాఠమే. "వీలైనంత తక్కువ ఉంచండి, లేకపోతే గ్రెయిన్స్ వస్తాయి" అని, అంటే ఫొటో నిండా చుక్కలు పడతాయని, రెండో వారంలో చెప్పారు. ఆ మాట పట్టుకుని భయపడి 200 దగ్గరే ఉండిపోయాను. కొంచెం గ్రెయిన్స్ ఉన్న పక్షి ఫొటో, పక్షే ఆనవాలు పట్టలేని ఫొటో కంటే నయమని నాకెవరూ చెప్పలేదు. సమీక్షలో చెప్పాల్సింది ఇదే. "షార్ప్‌గా లేదు" అన్న మాటతో నేను మళ్లీ ఉప్పలపాడు వెళ్లి ఏం మార్చుకోవాలి?

చివరికి ఇదంతా నాకు చెప్పింది మా ఊళ్లో పాత స్టూడియో నడిపే బాబాయ్. ఫిల్మ్ రోజుల నుంచి ఆయనది అదే పని. పక్షి ఫొటో చూసి ఆయన వెంటనే ఏమీ అనలేదు. "ముందు నువ్వు చెప్పరా, దీంట్లో నువ్వు చూపించాలనుకున్నది ఏది?" అని అడిగారు. రెక్క విప్పిన క్షణం అన్నాను. "క్షణం దొరికింది. అది ఎవరూ నేర్పలేరు. ఇక షట్టర్ సంగతి చూద్దాం" అన్నారు. ఎల్ ఆకారంలో కత్తిరించిన రెండు అట్టముక్కలు తెచ్చి ప్రింట్ మీద అటూ ఇటూ జరుపుతూ, కింద నీళ్లు సగం తీసేస్తే పక్షి ఎంత పెద్దదవుతుందో చూపించారు. పది నిమిషాలు పట్టింది. ఆయన చెప్పినవాటిలో ఎక్కువ నా తప్పులే. అయినా ఇంటికి రాగానే మళ్లీ కెమెరా పట్టుకోవాలనిపించింది. విమర్శ వినడానికి నాకేం బాధ లేదని మీకు తెలియాలనే ఇదంతా రాస్తున్నాను.

ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టిన విషయానికి వస్తాను. తోటి విద్యార్థుల ఫొటోల మీద 3 వ్యాఖ్యలు రాస్తే తప్ప తర్వాతి పాఠం తెరుచుకోదని మీరు నిబంధన పెట్టారు. ఒకరి ఫొటోను ఎలా చూడాలో, చూసింది ఎలా చెప్పాలో ఒక్క పాఠం కూడా పెట్టలేదు. పాఠం తెరుచుకోవాలి కాబట్టి అందరం గబగబా ఏదో ఒకటి రాసేవాళ్లం. ఏడో వారం ఒక అమ్మాయి వాళ్ల నాయనమ్మ ఫొటో పెట్టింది. గుమ్మం దగ్గర కూర్చుని చాటలో బియ్యం ఏరుతున్న ఫొటో అది. దాని కింద నేను ఇలా రాశాను: "మొహం నల్లగా ఉంది. బయట వెలుగంతా తెల్లగా మాడిపోయింది. మూలన ప్లాస్టిక్ బకెట్ ఉంది. ముందు బేసిక్స్ నేర్చుకోండి."

ఆ చివరి వాక్యం రాసినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. తప్పు నాది, దాన్ని మీ మీదకు నెట్టను. కానీ మీ మెంటర్ ఏం చేశారో చూడండి. నా రాతకు "ఈ వారం ఉత్తమ వ్యాఖ్య" అని బ్యాడ్జ్ ఇచ్చారు. ఆ అమ్మాయి ఫొటోకు మాత్రం మెంటర్ తరఫున ఒక్క ముక్క రాలేదు. ఆ తర్వాత ఆమె ఫొటోలు పెట్టడమే మానేసింది.

మూడు వారాల తర్వాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నంబర్ చూసి, అనుమతి అడిగి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. "నాయనమ్మ రోజూ అక్కడే కూర్చుంటుందండీ, లేచి జరగమనలేకపోయాను. నాకు ఆ చేతులే కావాలి" అంది. చేతులు! మొహం గురించి నాలుగు మాటలు రాసిన నేను చేతుల వంక చూడనే లేదు. మళ్లీ తెరిచి చూస్తే గుమ్మంలోంచి పడిన వెలుగు సరిగ్గా ఆ వేళ్ల మీదే ఉంది. బాబాయ్ నన్ను అడిగినట్టు నేనూ ముందు ఒక ప్రశ్న అడిగి ఉంటే నా వ్యాఖ్య వేరేలా ఉండేది. "చాటలో ఆ వేళ్ల దగ్గర నా చూపు ఆగింది. బయటి వెలుగు ఎక్కువగా ఉండటంతో కెమెరా లోపలంతా చీకటి చేసింది. ఫొటోను ఇంకాస్త వెలుగుగా తీయించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ 1 పెట్టి చూడండి, లేదా చేతుల దగ్గరికి జరిగి వాటి మీదే స్పాట్ మీటరింగ్ చేయండి, అంటే ఆ ఒక్క చోటి వెలుగునే కెమెరాతో కొలిపించండి. దగ్గరికి జరిగితే బకెట్ కూడా ఫ్రేమ్‌లో ఉండదు" అని రాసేవాణ్ణి. తప్పులు అవే, ఒక్కటీ దాచలేదు. కానీ ఇలా రాస్తే మర్నాడు ఆ అమ్మాయి మళ్లీ గుమ్మం దగ్గరికి వెళ్లి ఇంకో ఫొటో తీసేది.

లైవ్ సమీక్షల్లో కూడా ఇదే తీరు. ఎనిమిదో వారం, సెకండ్‌హ్యాండ్ కెమెరా కొనుక్కున్న ఒకాయన్ని అందరి ముందూ "ఇది ఫోన్‌లో తీసినా వస్తుంది, కెమెరా ఎందుకు కొన్నారు?" అని మీ మెంటర్ అడిగారు. ఆ ఫొటోలో లోపం ఏమిటో మాత్రం చెప్పలేదు. రికార్డింగ్ మీ దగ్గరే ఉంది, వినండి.

ఈ విషయాల మీద మీ సహాయ విభాగానికి రెండుసార్లు మెయిల్ పెట్టాను. మొదటిదానికి "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని ఆటోమేటిక్ జవాబు వచ్చింది. రెండోదానికి అదీ లేదు.

నేను కోరుతున్నవి ఇవి. జవాబు రాని 19 ఫొటోలను, ఒకటి రెండు ముక్కలతో సరిపెట్టిన వాటిని ఫైల్ తెరిచి చూసే మనిషితో మళ్లీ సమీక్ష చేయించి రాతపూర్వకంగా పంపండి. అది కుదరకపోతే ఆ మేరకు డబ్బు తిరిగి ఇవ్వండి. వ్యాఖ్యలు రాస్తేనే పాఠం తెరుచుకునే తాళం తీసేయండి. తోటివాళ్ల ఫొటోల మీద రాయించాలనుకుంటే, ముందు ఎలా చూడాలో, ఏం అడగాలో నేర్పే పాఠం పెట్టండి. ముఖ్యంగా, మధ్యలో మానేసిన ఆ అమ్మాయికి మిగిలిన వారాలు అదనపు ఫీజు లేకుండా మళ్లీ ఇవ్వండి. ఆమె పేరు ఇక్కడ రాయను. ఏడో వారం రికార్డుల్లో మీకే కనిపిస్తుంది. నా వ్యాఖ్యను, దానికి ఇచ్చిన బ్యాడ్జ్‌ను అక్కణ్ణుంచి తొలగించండి. నా వైపు నుంచి తొలగించే వీలు లేదు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వక జవాబు ఇవ్వండి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. అక్కడా పరిష్కారం కాకపోతే, డబ్బు తీసుకుని ఇస్తామన్న సేవ ఇవ్వకపోవడం సేవాలోపం కిందికి వస్తుంది కాబట్టి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం జిల్లా కమిషన్‌కు వెళ్తాను.

జత చేసినవి: ఫీజు రసీదు, మీ ప్రకటన కాపీ, 60 ఫొటోల జాబితా, వాటికి వచ్చిన వ్యాఖ్యలు, ఆరో వారం స్క్రీన్‌షాట్లు, నేను పంపిన రెండు మెయిళ్లు. ఉప్పలపాడు ఫొటో అసలు ఫైల్ కూడా పెట్టాను. మళ్లీ సమీక్ష చేయిస్తే దానితోనే మొదలుపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ బిగినర్స్ బ్యాచ్ విద్యార్థి